నాలుగు కిలోల సంచి: నర్మదా పరిక్రమకు నా తయారీ

నిన్న సాయంత్రం వంటింటి త్రాసు మీద వస్తువులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ తూచాను. నీళ్లు, తిండి కాకుండా సంచితో సహా 4.2 కిలోలు. ఈ సంతోషం చల్లారకముందే రాయాలని కూర్చున్నాను. ఈ సంచి కోసం బెంగళూరులో ఒక దుకాణంలో పడిన అవమానమూ ఇంకా చల్లారలేదు.

నేను వెళ్తున్నది నర్మదా పరిక్రమకు. నది పొడవే 1,312 కిలోమీటర్లు. దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, ఎక్కడా దాటకుండా సముద్ర సంగమం దాకా నడిచి, అక్కడ పడవలో అవతలి గట్టుకు చేరి తిరిగి రావాలి. రెండు గట్లూ కలిపితే 2,600 కిలోమీటర్లకు పైమాటే. 2024 పుష్కరాల్లో స్నానం చేసినప్పుడే మనసులో సంకల్పం చెప్పుకున్నాను. మొత్తం ఒకేసారి నడవడం నాకు కుదరదు కాబట్టి ఈ ఏడు చాతుర్మాస్యం ముగిశాక ఓంకారేశ్వర్ నుంచి మొదటి విడత మొదలుపెడతాను.

కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో, ఓంకారేశ్వర్ వెళ్లడానికి దిగే ఖండ్వా దాకా టికెట్ సులువుగా దొరికింది. డాక్టరుగారు గుండె, మోకాళ్లు చూసి సరే అన్నారు. లాల్‌బాగ్‌లో రోజూ నడక, ఆదివారాలు నందికొండ మెట్లు. వీటిలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. కష్టమంతా సంచితోనే వచ్చింది.

నగరంలో పేరున్న ఒక దుకాణానికి వెళ్లాను. కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే చోటు కదా, తెలిసినవాళ్లు ఉంటారనుకున్నాను. అక్కడి కుర్రవాడు నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "సార్ రాలేదా ఆంటీ?" సంచి నాకే అని చెప్పాను. నడవబోయే దారి చెప్పాను. "దానికి బస్సు యాత్రలు ఉన్నాయి కదా" అన్నాడు. ఆ తర్వాత నేను అడగకుండానే 65 లీటర్ల సంచి ఒకటి తెచ్చి, అందులో ఇసుక మూటలు వేసి నా వీపుకు తగిలించాడు. ఖాళీ సంచి బరువే రెండు కిలోలని దాని చీటీ మీద ఉంది. నడుము పట్టీ నా తొడల దగ్గరికి జారింది. భుజాల పట్టీలు బిగించేకొద్దీ మెడ వెనక్కి లాగేసింది. ఇది నా కొలత కాదు అంటే, "ఇది అందరికీ సరిపోతుంది, కొత్తలో అలాగే ఉంటుంది" అన్నాడు. స్టూలు మీద కూర్చున్నదాన్ని ఆ బరువుతో లేవలేకపోయాను. పక్కన షూలు చూసుకుంటున్న పిల్లలు నవ్వారు. వాళ్లతో కలిసి వాడూ నవ్వాడు. వేరే సంచుల అసలు బరువు చూద్దామని త్రాసు అడిగితే "ఇది కూరగాయల కొట్టు కాదు ఆంటీ" అన్నాడు.

సంచి దించి వచ్చేశాను. ఆటోలో కళ్లనీళ్లు తిరిగాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని నేను. కొలతలో పొరపాటు ఎక్కడుందో నాకు తెలుసు. తల వంచినప్పుడు మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు ఎత్తు వరకు వెన్ను మీదుగా టేపు పెట్టి కొలవాలి. సంచి ఎంచుకోవలసింది ఆ కొలతతో. మనిషి ఎత్తును బట్టి కాదు. నాది 16 అంగుళాలు. బరువులో ఎక్కువ భాగం తుంటి మీద పడాలి, భుజాల మీద కాదు. ఈ రెండు ముక్కలు తెలియనివాడు వేల రూపాయల సంచులు అమ్ముతున్నాడు. వయసు మళ్లిన ఆడమనిషి ఒంటరిగా నడుస్తానంటే నవ్వేవాళ్లందరికీ ఎమ్మా గేట్‌వుడ్ సంగతి చెప్పాలి. 1955లో 67 ఏళ్ల వయసులో అమెరికాలో 3,000 కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ కాలిబాటను ఒక్కతే నడిచింది. పదకొండుమంది పిల్లల తల్లి. తనే కుట్టుకున్న గుడ్డ సంచి, కాన్వాసు బూట్లు, వానకు స్నానాల గది తెర. టెంటు కూడా లేదు. ఆ దుకాణం మెట్లెక్కి ఉంటే ఆమెకూ ఇసుక మూటలే తగిలించేవారు.

నా సంచి చివరికి చిక్‌పేట వెనక సందులో బ్యాగులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర తయారైంది. హిందూపురం ఆయన. నేను కొలతలు రాసిచ్చిన కాగితం చూసి, "అమ్మా, వీపు కొలత ఇచ్చినవాళ్లు ఇదివరకు ఎవరూ లేరు" అన్నారు. గళ్ల నేత పారాచూట్ గుడ్డ ఆయనే తెప్పించారు. ఆ గళ్ల వల్ల చిన్న చిరుగు పడినా పాకదు. జిప్పు వద్దన్నాను, అది మొరాయిస్తే దారిలో బాగుచేసుకోలేం. పైన మూతి చుట్టి క్లిప్పు పెట్టేలా చేశారు. లోపల వీపు వైపు ఒక అర కుట్టించి, పడుకునే ఫోము చాపను మడిచి అందులో పెట్టాను. అదే సంచికి వెన్నెముక, రాత్రికి పరుపు. పట్టీలు కలిసే చోట చతురస్రం కుట్టి దాని మధ్య అడ్డంగా గుణకారం గుర్తు కుట్టమని గీసి చూపించాను. "మీరు కుట్టుపని చేసేవారా?" అని అడిగారు. ఆ మాటతో దుకాణంలో పోయిన మర్యాద తిరిగి వచ్చినట్లయింది. సంచి బరువు 600 గ్రాములు.

మిగతావి తేలిక. ఇంటర్నెట్‌లో దొరికే జాబితాల్లో టెంటు, స్టవ్వు, గిన్నెలు ఉంటాయి. అవి మనుషులు లేని అడవి దారులకు రాసినవి. నర్మద గట్టున ఆశ్రమాలు, ధర్మశాలలు ఉన్నాయి, "నర్మదే హర్" అంటూ అన్నం పెట్టే ఊళ్లు ఉన్నాయి. ఆ సామానంతా తీసేశాను. లీటరు నీళ్లు ఎలాగూ కిలో బరువు, దానికి స్టీలు సీసా బరువు కూడా ఎందుకు? కొన్న నీళ్ల సీసాలే రెండు చాలు. బట్టలు రెండు జతలు, ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరేసిన తాడు మీద. మందపాటి టర్కీ తువాలు ఆరదు, పల్చటి అంగవస్త్రం ఆరుతుంది. ఈకల దుప్పటి తేలికే కానీ తడిస్తే వెచ్చదనం పోతుంది, పైగా ఖరీదు. నేను సింథటిక్ దుప్పటి తీసుకున్నాను, పుష్యమాసం చలిలో ఆశ్రమంవాళ్లు ఇచ్చే కంబళి దానిపైన కప్పుకోవచ్చు. సంచికి పైన తొడిగే వాన కవరు కొనకండి. వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. సంచి లోపలే మందపాటి పాలిథీన్ కవరు వేసి అందులో సర్దుకోండి.

తోలు బూట్లు కొనమని మా తమ్ముడు ఎంత పోరాడినా వినలేదు. వీపు మీద బరువు కంటే పాదానికి కట్టుకున్న బరువు ఎన్నో రెట్లు అలసట తెస్తుంది. పరుగు బూట్లే, అదీ ఒక సైజు పెద్దవి. రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. బొబ్బ వచ్చాక కాదు, మడమ వేడెక్కినట్లు అనిపించగానే ఆగి మైక్రోపోర్ టేపు అతికించుకోవాలి. ఏ మందుల కొట్టులోనైనా దొరుకుతుంది.

కుట్టించుకోదలచినవాళ్లకు చివరగా ఒక మాట. నడుము పట్టీకి నవారు రెండు అంగుళాల కంటే సన్నగా వేయనివ్వకండి, లోపల ఫోము పెట్టించండి. పైసలు ఇచ్చేముందు సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకుని, ఆ సందులోనే పావుగంట అటూ ఇటూ నడవండి. ఆ పెద్దాయన నాకు దారి ఇచ్చి, తన కుర్చీ పక్కకు జరిపి, నేను తిరిగి వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి, భుజం పట్టీ అర అంగుళం తగ్గించి మళ్లీ కుట్టి ఇచ్చారు.