షార్ల్‌విల్‌లో బొమ్మలాటని మోసేవాళ్లు

పారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి నేరుగా వెళ్లే వేగ రైలు టీజీవీ ఎక్కితే రెండు గంటల్లోపే షార్ల్‌విల్-మెజియేర్. బెల్జియం సరిహద్దు దగ్గరి ఈ చిన్న ఊళ్లో రెండేళ్లకోసారి సెప్టెంబరులో ప్రపంచ బొమ్మలాట పండుగ జరుగుతుంది. మేం 2023లో వెళ్లాం. 1961లో దీన్ని మొదలుపెట్టిన జాక్ ఫెలిక్స్ ఔత్సాహిక బృందం నడిపిన మనిషి. ఇప్పటికీ ఇందులో చాలా పని జీతం లేకుండా చేసే ఊరివాళ్లదే.

పండుగ రోజుల్లో హోటళ్లు చాలవు. కళాకారుల్ని ఇళ్లలో ఉంచుకోవడం ఇక్కడ పాత అలవాటు. ప్రేక్షకులు మాత్రం గది నెలల ముందే పట్టుకోవాలి. లేదంటే దగ్గరి నగరం రాన్స్ (Reims)లో దిగి రైల్లో తిరగాలి. రాత్రి ఆట చూడాలంటే చివరి బండి టైము ముందే చూసుకోవాలి.

వాలంటీర్ల పనితనం హాలు గుమ్మం దగ్గర తెలుస్తుంది. బొమ్మ చిన్నది కాబట్టి హాలూ చిన్నదే, సీట్లు తక్కువ. ముందు పిల్లల్ని చాపల మీద కూర్చోబెడతారు, పొడుగువాళ్లని వెనక్కి పంపుతారు. వరస తప్పితే వెనకవాళ్లకి బొమ్మ తల తప్ప ఏమీ కనపడదు. తలుపు మూశాక ఎవర్నీ రానివ్వరు. చీకట్లో తలుపు సందు నుంచి వచ్చే వెలుగు పడితే తెర మీద నీడలు వెలిసిపోతాయి. ఇది కాఠిన్యం కాదు, ఆట మీద గౌరవం. టికెట్ దొరకనివాళ్లు అరగంట ముందే గుమ్మం దగ్గర నిలబడితే, ఖాళీ సీట్లు లెక్కపెట్టి పిలుస్తారు. ఆటకీ ఆటకీ మధ్య కనీసం ముప్పావుగంట ఉంచుకోండి. ఒకటి ఆలస్యమైతే రెండోది పోయినట్టే.

దుకాల్ చౌకులోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఆటలు ఆరుబయటే. చూసి టోపీలో డబ్బులు వేయాలి, చిల్లర దగ్గరుంచుకోండి. ఎక్కడ ఏ ఆటో వాలంటీర్లని అడిగితే మంచిది, వాన పడితే చోటు మారుతుంది.

బొమ్మలాటవాళ్ల అంతర్జాతీయ సంఘం యూనిమా కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1929లో ప్రాగ్‌లో పుట్టిన సంఘం అది. 2008 నుంచి 2021 దాకా దాని అధ్యక్షుడు మన దేశానికి చెందిన దాదీ పదుంజీ. దేశానికో శాఖ, నాలుగేళ్లకోసారి మహాసభ. ఎన్నికైనవాళ్లు ఈ పని చేసేది సొంత ఆటలు, ఉద్యోగాల మధ్య దొరికిన టైములో. ఉత్తరానికి జవాబు ఆలస్యమైతే కారణం అదే. మన బృందం అక్కడ ఆడటానికి ఆహ్వానపత్రం కావాలంటే వీసా గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుని చాలా ముందే రాయాలి. బృందంలో ఎంతమంది, ఆట నిడివి, తెర కొలత, కావలసిన కరెంటు, అన్నీ ఒకే పేజీలో పెట్టాలి. విడివిడిగా పంపితే ఏదో ఒకటి తప్పిపోతుంది.

మన తోలుబొమ్మలు తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. నిలువెత్తు బొమ్మ మామూలు సామానులో పట్టదు. చాలా విమానాల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లే హద్దు. చుట్టచుడితే తోలు ఆ వంపు తిరిగిపోతుంది. రెండు ప్లైవుడ్ పలకల మధ్య బల్లపరుపుగా పెట్టి, పెద్ద సామానుగా ముందే బుక్ చేయాలి. మేకతోలైతే మేలు, జింకతోలు బొమ్మలుంటే వన్యప్రాణి అనుమతుల చిక్కు వస్తుంది. అక్కడ సెప్టెంబరు చెమ్మకి తోలు మెత్తబడి, హాలోజన్ దీపం వేడికి అంచులు లేస్తాయి. దించిన బొమ్మని వెంటనే పలకల మధ్యకి చేర్చాలి.