సంతకం హైదరాబాద్‌లోనే పెట్టాలి

ఖతార్ రాజధాని దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో మందూబ్‌గా పనిచేస్తున్నాను. పనివాళ్లకు వీసాలు తీయడం, దిగాక ఐడీలు చేయించడం, గడువు దాటకముందే రెన్యువల్ చేయించడం నా పని. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లంతా "అన్నా, వీసా వచ్చిందా?" అనే అడుగుతారు. ఆ వీసా ఏ పనికి, ఎంత జీతానికి అని అడిగేవాళ్లు తక్కువ. నా బాధంతా అదే.

ఇక్కడ ముందు కంపెనీ ఏ దేశం వాళ్లు, ఏ పనికి, ఎంతమంది కావాలో చెప్పి ప్రభుత్వం నుంచి మంజూరు తెచ్చుకోవాలి. మనిషి పేరు ఆ తర్వాతే వస్తుంది. నేపాల్ మేస్త్రీల కోసం వచ్చిన మంజూరు మీద కరీంనగర్ మేస్త్రీని తెచ్చుకోలేం. డ్రైవర్ పని అని చెప్పి లేబర్ వీసా చేతిలో పెట్టే ఏజెంట్లు ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్నారు.

2019 నుంచి ఖతార్ వీసా సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. వేలిముద్రలు, మెడికల్, కాంట్రాక్టు మీద సంతకం అన్నీ అక్కడే అయిపోతాయి. ఫీజు కంపెనీదే. పూర్వం ఇక్కడ దిగాక మెడికల్‌లో ఫెయిలైతే వెనక్కి పంపేవాళ్లు, ఊళ్లో చేసిన అప్పు మాత్రం అలాగే మిగిలేది.

వేరే కంపెనీకి వస్తున్న మావైపు పిల్లవాడొకడు ఆ సెంటర్ నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, ఏజెంట్ పదిహేను వందల రియాళ్లన్నడు, గీడ వెయ్యే రాసి ఉన్నది. సంతకం పెట్టాల్నా?" పెట్టొద్దు తమ్మీ అన్నాను. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస వేతనం వెయ్యి రియాళ్లు. కంపెనీ వసతి, తిండి ఇవ్వకపోతే వసతికి 500, తిండికి 300 అదనంగా ఇవ్వాలి. అంటే ఆ వెయ్యి చట్టప్రకారం సరైనదే, కాబట్టి ఒకసారి సంతకం పెట్టి వచ్చాక ఏజెంట్ నోటిమాటను ఇక్కడ ఎవరూ వినరు. వాడు సంతకం పెట్టకుండా ఇంటికి పోయాడు. వడ్డీ పెరుగుతోందని ఇంట్లోవాళ్లు నన్ను తిట్టుకున్నారు. రేపు ఇంకొకరు అడిగినా నేను అదే చెప్తాను.

విజిట్ వీసా మీద వచ్చేవాళ్ల సంగతి ఇంకా కష్టం. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ తప్పనిసరి) పాస్‌పోర్టు మీద పనికి రావాలంటే మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేయించాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. విజిట్ మీద వచ్చి ఖల్లివెల్లి అయినవాడికి, అంటే సరైన కాగితాలు లేకుండా ఇక్కడే ఉండిపోయినవాడికి, ఆ బీమా లేదు, కాంట్రాక్టూ లేదు.

ఏజెంట్ పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. మన చట్టం ప్రకారం వాడు తీసుకోదగ్గ సర్వీస్ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. రసీదు ఇవ్వనంటే పాస్‌పోర్టు వాడి చేతికి ఇవ్వకండి.