గట్టి రబ్బరు, పీనాసి బుద్ధి

జనవరిలో హైదరాబాద్ నుంచి చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు దగ్గరి రేస్ ట్రాక్‌కి నా కారుని ట్రైలర్ మీద తీసుకెళ్లాం. తోవలో నెల్లూరులో దోసెలు తిన్నాం. ఆ ట్రిప్‌లో బాగున్నవి అవొక్కటే.

నాది రెండు సీట్ల బక్క బండి, 900 కిలోలు కూడా ఉండదు. సెమీ స్లిక్స్‌లో (గాళ్లు తక్కువుండే ట్రాక్ టైర్లు) గట్టి కాంపౌండ్, అంటే గట్టి రబ్బరు మిశ్రమం, వేయించా, రెండు సీజన్లు లాగేద్దామని. 3.7 కిలోమీటర్ల ట్రాక్. పొద్దున సెషన్ మొత్తం ప్రతి మలుపులో ముందు చక్రాలు నూనె రాసిన బండ మీద పోయినట్టే జారాయి. పిట్‌లో (ట్రాక్ పక్కన బండి ఆపే చోట) టైరుకి సూది థర్మామీటర్ గుచ్చితే 52 డిగ్రీలు! ఆ రబ్బరు 80 దాటితే గానీ పట్టు ఇవ్వదు. బరువైన సెడాన్ అయితే టైరుని నలిపి నలిపి వేడెక్కిస్తుంది, నా బండికి అంత సీన్ లేదు. వేలితో రాస్తే జిగురుగా అంటుకోవాల్సిన ట్రెడ్, అదే నేలకు తగిలే రబ్బరు, పలక మీది బలపంలా పొడిపొడిగా రాలింది.

మలక్‌పేటలో మా మెకానిక్ అన్న ముందే చెప్పిండు. "తమ్మీ, బండి బరువు చూసి రబ్బరు కొనాలె, పైసలు చూసి కాదు." వింటేగా. (టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె చూసి మురిసిపోయా. అది ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునే మార్కే.)

ఇప్పుడు అదే టైరులో మెత్తది వేయించా. చల్లగా ఉన్నప్పుడు గాలి 24 పీఎస్ఐ పెడితే వేడెక్కాక 29 దగ్గర ఆగుతోంది, మలుపులో బండి మాట వింటోంది. కాకపోతే బయటి అంచు అప్పుడే అరిగింది. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే వాలు, పెంచాలి. ఆ ఖర్చు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.