దెమసియాదోతో నా కుస్తీ

మాడ్రిడ్‌లో ఉంటూ దెలె బీ1 అనే స్పానిష్ భాషా పరీక్షకి చదివే రోజుల్లో నన్ను బాగా సతాయించిన మాట దెమసియాదో. అర్థం తేలికే. ‘ముయ్ కారో’ అంటే చాలా ఖరీదు, కాస్త ఆలోచించి కొనచ్చు. ‘దెమసియాదో కారో’ అంటే మరీ ఖరీదు, మనవల్ల కాదు. అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఈ రెండోదే నోట్లో నానింది.

చిక్కంతా దాని తోకతోనే. మనకి మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు. ‘మంచి’కి ఏ మార్పూ ఉండదు. స్పానిష్‌లో అలా కుదరదు, నామవాచకం లింగాన్నీ వచనాన్నీ బట్టి ఇదీ మారాలి. కార్లు ఎక్కువైతే దెమసియాదోస్ కోచెస్, కూరలో ఉప్పు ఎక్కువైతే దెమసియాద సాల్. ఉప్పు ఆడదని ఎవరు తేల్చారో! నీళ్ళ సంగతి ఇంకా తమాషా. ‘ఎల్ ఆగువా’ అని మగ ఆర్టికల్ తగిలిస్తారు, ఎక్కువైతే మాత్రం ‘దెమసియాద ఆగువా’ అంటారు. ఆగువా స్త్రీలింగమే. ఒత్తి పలికే ‘ఆ’తో మొదలవుతుంది కాబట్టి దాని ముందు ఆడ ఆర్టికల్ ‘లా’ బదులు ‘ఎల్’ వస్తుంది, అంతే.

విశేషణానికి ముందు వస్తే మాత్రం దెమసియాదో అసలు మారదు. బూట్లు మరీ ఖరీదైతే ‘థపాతోస్ దెమసియాదో కారోస్’. అటూ ఇటూ బహువచనాలే, మధ్యలో ఇది మాత్రం చలించదు.

పట్టికలు బట్టీ పడితే నాకు ఎక్కలేదు. ఆదివారాలు ఎల్ రాస్త్రో సంతకి వెళ్ళి, కనిపించినవాటికల్లా ఈ మాట తగిలిస్తూ తిరిగేదాన్ని. పాత బీరువా ముందు నిలబడి ‘దెమసియాదో గ్రాందె పారా మి పీసో’, నా ఫ్లాట్‌కి మరీ పెద్దది అని. చుట్టూ ఇసకేస్తే రాలని జనం: దెమసియాద హెంతె. మనకి జనం ‘వచ్చారు’. వాళ్ళకి జనం ఏకవచనం, పైగా స్త్రీలింగం! నోరు తిరగడానికి దీనికే ఎక్కువ కాలం పట్టింది.

ఈలోగా లాటిన్ అమెరికా సహోద్యోగి ఒకామె నేను తెచ్చిన పులిహోర తిని ‘మె గుస్తా దెమసియాదో’ అంది. మెచ్చుకుందో, వంక పెట్టిందో తెలియలేదు. అక్కడ కొన్నిచోట్ల దీన్ని ఒట్టి ‘చాలా’ అనే అర్థంలోనూ వాడతారట.

బీ1లో చదవడం, రాయడం కలిపి 50 మార్కులు. వినడం, మాట్లాడటం కలిపి ఇంకో 50. రెండింట్లోనూ 30 చొప్పున రావాలి. నా టెన్షనంతా మాట్లాడటం గురించే. అందులో ఒక ఫోటో ఇచ్చి వర్ణించమంటారు. నాకొచ్చింది కిక్కిరిసిన బస్సు. ఇంకేం, దెమసియాద హెంతె! ఫలితం ‘ఆప్తో’ అని వచ్చింది, అంటే పాస్.