శుక్రుడు సూర్యుడిని దాటిన మంగళవారం

మన పూర్వ విద్యార్థుల సంఘం సంచికకు ర్యాంకుల గురించో ఆటల పోటీల గురించో రాయమన్నారు. వాటికి నాకంటే అర్హులు మన బ్యాచ్‌లోనే బోలెడుమంది ఉన్నారు. నేను 2004 జూన్ 8 గురించి రాస్తాను. బడి ఇంకా తెరవలేదు. అయినా సైన్సు మాస్టారు కబురు పెట్టగానే విజయవాడలో సత్యనారాయణపురం నుంచి, గాంధీనగర్ నుంచి, కృష్ణలంక నుంచి సైకిళ్లేసుకుని వచ్చేశాం. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా వెళ్తుంది, చూద్దాం రమ్మన్నారు. అంతకు ముందు అలా జరిగింది 1882లో. కాబట్టి మాస్టారికి కూడా అది మొదటిసారే. ఆయన ముఖంలో మాకంటే ఎక్కువ కంగారు కనబడింది.

బడి పక్క వీధిలో ఉండే పురోహితుడుగారు కూడా వచ్చారు. అప్పుడు శుక్ర మౌఢ్యమి, పెళ్లి ముహూర్తాలు లేవు, ఆయనకు తీరికే. "మూఢంలో శుక్రుడు కనబడడు కదా మాస్టారూ, మీరేం చూపిస్తారు?" అన్నారు. "ఎందుకు కనబడడో అదే చూపిస్తాను, కూర్చోండి పంతులుగారూ" అన్నారు మాస్టారు. శుక్రుడు దాదాపు 584 రోజులకొకసారి మనకూ సూర్యుడికీ మధ్యకు వస్తాడు, ఆ వెలుగులో మనకు కనబడడు. అయితే అతడి కక్ష్య మన కక్ష్యకు మూడున్నర డిగ్రీల మేర వాలి ఉంది. అందుకని ప్రతిసారీ సూర్యుడికి కాస్త పైనుంచో కింద నుంచో తప్పుకుపోతాడు. సరిగ్గా అడ్డం రావడం ఎనిమిదేళ్ల తేడాతో రెండుసార్లు, ఆ తరువాత వందేళ్లకు పైగా విరామం. పంతులుగారు ఇదంతా శ్రద్ధగా విని, పంచాంగం తెరిచి ఏదో గుర్తు పెట్టుకున్నారు.

మన దగ్గర జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. ఆ సంగతి అప్పటిదాకా నేను గమనించనే లేదు. టెలిస్కోపు దాదాపు నిట్టనిలువుగా నిలబడింది, దాని ముక్కాలి స్టాండు కాళ్ల మధ్య నేల మీద తెల్ల అట్ట. ఎవరూ గొట్టంలోకి కన్ను పెట్టకూడదు. పక్కనున్న, గురి చూసే చిన్న ఫైండరుకు కూడా మూత బిగించి, ప్లాస్టరు చుట్టేశారు. మేడ మీద తడి గోనెసంచులు పరిచినా పాదాలు మాడుతూనే ఉన్నాయి. అట్ట మీద జానెడు వెడల్పు సూర్యుడు పడ్డాడు. భూమి తిరుగుతుంది కదా, రెండు నిమిషాలకల్లా అట్ట మీద నుంచి జారిపోయేవాడు. ఒకడు గొట్టాన్ని వేలితో నెడుతూ ఉండాలి. గట్టిగా నెట్టాడా, అంతా గజగజ వణికేది.

పదిన్నర దాటాక సూర్యుడి అంచున చిన్న నొక్కు పడింది. మాస్టారు అసలు పని అప్పుడే మొదలైందన్నారు. పొద్దున ఆకాశవాణి టైము చూసి అందరి గడియారాలూ సరిచేయించారు. శుక్రుడు పూర్తిగా లోపలికి వచ్చి అంచును వదిలిన క్షణం ఎవరికి వారు చీటీ మీద రాయాలి. మాట్లాడకూడదు, పక్క చీటీ చూడకూడదు. నొక్కు పడటానికీ లోపలికి చేరడానికీ మధ్య దాదాపు ఇరవై నిమిషాలు. కందిగింజంత నల్లచుక్క లోపలికి వచ్చింది, కానీ అంచును వదల్లేదు. సన్నని నల్లటి మెడలాంటిది సాగుతూనే ఉంది. తెగిందనుకుంటే మళ్లీ అతుక్కుంది.

చీటీలు పోగేస్తే మొదటివాడికీ చివరివాడికీ దాదాపు నిమిషం తేడా. క్లాసు ఫస్టు అమ్మాయి సగటు తీసి ఒక్క టైము రాద్దామంది. మాస్టారు ఒప్పుకోలేదు. పాత హాజరు రిజిస్టరులో పేరు పేరునా అన్ని టైములూ ఎక్కించి, "పక్కవాడిది చూసి రాసేవాడికి ఆకాశంతో పనేమిటి?" అన్నారు. తరువాత మజ్జిగ తాగుతూ చెప్పారు. 1769లో తాహితీ దీవిలో కెప్టెన్ కుక్, ఆయన వెంట వెళ్లిన ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ గ్రీన్ పక్కపక్కనే చూసినా వారి టైములు కలవలేదు. ఆ రోజుల్లో సూర్యుడి దూరాన్ని లెక్కగట్టడానికి వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఈ టైములే ఆధారం. వాటి మీదే అంత గొడవ జరిగింది. ఆ నల్లమెడకు కారణం శుక్రుడి గాలి అని చాలాకాలం అనుకున్నారు. నిజానికి టెలిస్కోపు బొమ్మలో ఉండే మసక, మన భూమి మీది గాలి కదలిక, అంచు వైపు సూర్యుడి వెలుగు తగ్గడం కలిసి చేసే మాయ అది. అసలు గాలి లేదనదగిన బుధుడికి కూడా, అంతరిక్షం నుంచి చూసినా అది కనిపించింది.

1874 డిసెంబరు 9న విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన మామ గోడే వెంకట జగ్గారావు కట్టించిన వేధశాల నుంచి ఇదే శుక్రుణ్ణి చూశారనీ మాస్టారు చెప్పారు. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2012 జూన్ 6 ఉదయం సూర్యుడు శుక్రుడితోనే ఉదయించాడు. పదిన్నరలోపే అయిపోయింది. మళ్లీ 2117 డిసెంబరులో. మనం ఉండం.

బుధుడు మాత్రం మనకు అందుతాడు. 2032 నవంబరు 13, శనివారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై నాలుగున్నర దాటేదాకా. సూర్యుడి వెడల్పులో దాదాపు రెండు వందో వంతు, మన అట్ట మీద దాదాపు ఒక మిల్లీమీటరు, అంతే. గ్రహణం కళ్లజోళ్లు చాలవు, టెలిస్కోపు కావాల్సిందే. బడి ల్యాబులోని ఆ పాతదాని కటకానికి బూజు పట్టిందని మొన్న వెళ్లినప్పుడు చూశాను. బాగు చేయించే ఖర్చులో సగం నాది. మిగతా సగం గురించి సంఘం కోశాధికారి ఈ వ్యాసం చదివాక నాకు ఫోను చేయాలి.