ముక్కాం నుంచి భీమిలికి ఎదురుగాలిలో మా తెప్ప

నిన్న సాయంత్రం భీమిలి ఒడ్డెక్కాం. తాడు కోసిన చోట అరచేతులు ఇంకా మండుతున్నాయి. భీమిలికి ఈశాన్యాన ఉన్న ముక్కాంలో చుట్టాల దగ్గరున్న మా తాత కర్ర తెప్పను ఇంటికి తెచ్చుకోవడం పని. లారీ మాట్లాడుకోమన్నారు చాలామంది. చిన్నాన్న ఒప్పుకోలేదు, తెరచాప మీదే తెద్దామన్నాడు.

దుంగలు బిగించి కట్టడం, తెరచాపకు కుట్లు వేయడం ఒక పూటలో అయిపోయాయి.

మే నెలలో మా తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఎండెక్కేకొద్దీ అది పడిపోయి నైరుతి గాలి లేస్తుంది. ముక్కాం నుంచి భీమిలికి రావాలంటే సరిగ్గా దానికి ఎదురు రావాలి. నీటి లాగుడు కూడా ఈ రోజుల్లో ఈశాన్యం వైపే. అందుకే నేల గాలి ఉండగానే సగం దారి దాటేయాలని చిన్నాన్న ముందు రాత్రే లెక్క వేశాడు.

తెప్పను నీళ్ళలోకి తోస్తుంటే ఒక ఉద్యోగి వచ్చి ఆపాడు. వేట నిషేధం ఉందన్నాడు, తెప్ప నంబరేదన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే ఆ 61 రోజుల నిషేధం ఇంజను పడవలకు. ఇంజను లేని తెప్పకు అది లేదు. పైగా మా దగ్గర వల కూడా లేదు. ఎంత చెప్పినా వినలేదు. పైనుంచి ఫోను వచ్చేదాకా కదలొద్దన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి సముద్రం మీద బతికిన మనిషిని, అరవై దాటినవాణ్ణి, "నువ్వు" అంటూ ఊరందరి ముందు దొంగలా నిలబెట్టాడు. చిన్నాన్న తల దించుకుని ఇసుకలో నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఫోను వచ్చేసరికి నేల గాలి చచ్చిపోయింది. "ఇక పోండి" అన్నాడు, అంతే. కుర్చీలో కూర్చునేవాళ్ళకు గాలి ఎవరి కోసమూ ఆగదని ఎవరు చెప్పాలి?

ఎదురుగాలిలో తెప్ప నేరుగా పోదు. సముద్రంలోకి కొంత దూరం ఏటవాలుగా, మళ్ళీ ఒడ్డు వైపు ఏటవాలుగా, మెలికలు తిరుగుతూ పోవాలి. పలకను నీళ్ళలోకి దించి ఉంచకపోతే పక్కకు జారిపోతుంది. మలుపు తిప్పిన ప్రతిసారీ తెరచాప కట్టిన వెదురును కొయ్యకు ఇటు నుంచి అటు మార్చాలి. ఆ కాసేపట్లోనే గాలి మమ్మల్ని వెనక్కి నెట్టేసేది. ఒడ్డున ఒక తాటితోపును గుర్తు పెట్టుకున్నాను. లోపలికి పోయి తిరిగొస్తే ఎదురుగా అదే తోపు. మళ్ళీ పోయొచ్చినా అదే తోపు. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. చిన్నాన్న మాత్రం తెరచాప మీద నీళ్ళు చిమ్ముతూ కూర్చున్నాడు. గుడ్డ తడిస్తే నేత బిగిసి గాలి పట్టు నిలుస్తుంది.

"ఒడ్డుకేసి చూడకురా, లోపలికి పోనీ" అన్నాడు. మలుపులు తగ్గించి, తెప్పను ఒక్కో దిక్కులో బాగా దూరం పోనిచ్చాడు. అప్పుడు వెనకబడింది ఆ తోపు.

ఇంజను తప్ప గాలి తెలియని కుర్రాళ్ళు పాత కర్రలని నవ్వుతారు. ఆ గాలికి ఎదురు తెరచాప ఎత్తి ఇల్లు చేరగలిగినవాడు మా పేటలో చిన్నాన్న తర్వాత ఇప్పుడు నేనే.

భీమిలి దగ్గర తెరచాప దించి, పెద్ద అల వెనకే తెడ్లు వేసి ఒడ్డెక్కాం.

మే నెలలో ఎవరైనా ఇలా బయల్దేరితే నిషేధం ఉత్తర్వు ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. అడిగేవాళ్ళెవరో ముందురోజే వెతికి పట్టుకుని చూపించండి, తెల్లారాక కాదు. నైలాన్ తాడైతే చేతులకు గుడ్డ చుట్టుకోండి.