డెబియన్ వేసే ముందు నాన్నగారి శుభలేఖలు

మా ఇంట్లో 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. అందులోని విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే ప్రాసెసర్ల జాబితాలో దీని ఆరో తరం ఇంటెల్ చిప్‌కు చోటు లేదు. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాళ్లకు తూకానికి వేయడానికి మనసొప్పక, అందులో విండోస్ లాంటిదే అయిన ఉచిత లినక్సు వ్యవస్థ డెబియన్ 13 వేయాలని నిర్ణయించుకున్నాను. వేయడం ఒక పూట పని. ముందు సర్దుకోవలసిన వాటికే మూడు వారాలు పట్టింది, అందులో రెండు వారాలు నాన్నగారి ఫైళ్లకే పోయాయి.

నాన్నగారు ఒంగోలులో చాలా ఏళ్లు డీటీపీ పని, అంటే కంప్యూటరులో అచ్చు పేజీలు కూర్చే పని చేశారు. శుభలేఖలు, తిరునాళ్ల కరపత్రాలు, ఎడ్ల బల ప్రదర్శనల వాల్‌పోస్టర్లు అన్నీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవే. నా ఆలోచన చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఏందబ్బయా, నా ఫైళ్లు దాంట్లో తెరుచుకుంటాయా?" అని. తెరుచుకుంటాయని ధైర్యంగా చెప్పలేకపోయాను. పేజ్‌మేకర్ లినక్సుకు ఏనాడూ రాలేదు. పైగా అను ఫాంట్లు, ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాల స్థానంలోనే తెలుగు అక్షరాల ముక్కలను అమర్చి ఉంటాయి గనుక, ఆ ఫాంటు లేని యంత్రంలో "చిరంజీవి" అని ఉండవలసిన చోట అర్థం కాని గుర్తుల వరుస కనిపిస్తుంది.

అందువల్ల విండోస్ ఉండగానే ఒక్కో ఫైలూ తెరిచి, ఫాంట్లు లోపలే ఇమిడేలా పీడీఎఫ్ చేశాను. తిరిగి వాడుకునే పాఠాలను మాత్రం యూనికోడ్‌లోకి మార్చాను. ఆ మార్పిడిలో ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి, కాబట్టి నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని పాత రోజుల్లోలాగే ప్రూఫులు దిద్దారు. అసలు ఫైళ్లను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, వేరే కంప్యూటరులో తెరిచి చూశాను. కాపీ అయిందన్న సందేశాన్ని నమ్మి ఊరుకోవడం నాకు ఎప్పుడూ రుచించదు.

తర్వాత డెబియన్ లైవ్ ఐఎస్ఓను, అంటే డిస్కులో వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడగల ఫైలును దించుకుని, విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఫైలుకు వేలిముద్ర లాంటి దాని ఎస్‌హెచ్‌ఏ 256 విలువను లెక్కించి, డెబియన్ వారు ప్రకటించిన 64 అక్షరాల విలువతో పోల్చి చూశాను. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్కును తాకకుండా ఒక రోజంతా దానితోనే పనిచేశాను. వైఫై వెంటనే కలిసింది. పూర్వం డెబియన్ అధికారిక ఇన్‌స్టాలరులో వైఫై వంటి పరికరాలను నడిపించే, స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. దానిని చేర్చాలని 2022లో సభ్యులు ఓటు వేసి నిర్ణయించాక, 2023లో వచ్చిన 12వ వెర్షను నుంచి అది వెంట వస్తోంది. సిద్ధాంతం సడలిందని బాధపడేవారున్నారు గాని, ఒకప్పుడు వైఫై పలకక కేబులు కోసం బజారంతా తిరిగిన నాకు ఆ ఓటు సబబుగానే తోచింది. తెలుగు టైపింగుకు ఐబస్ అనే టైపింగు సాధనంలో ఎం17ఎన్ అనే భాషల కట్టను చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డు అమరికలు మూడూ దొరికాయి. మా పాత లేజర్ ప్రింటరు మాత్రం ఎంత బతిమాలినా కదలలేదు.

ప్రింటరు కోసమూ పేజ్‌మేకర్ కోసమూ విండోస్‌ను పూర్తిగా తీసేయకుండా, ఇంటర్నెట్ లేకుండా ఒక పక్కన ఉంచాలని నిశ్చయించాను. రెండూ ఒకే డిస్కులో ఉండాలంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో దాని డ్రైవులో లినక్సు నుంచి రాయడం క్షేమం కాదు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవారు 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. మా దాంట్లో అది లేదు. విండోస్ విభాగాన్ని దాని సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించి 120 జీబీ ఖాళీ చేశాను.

ఇక మిగిలింది కరెంటు సంగతి. బ్యాటరీ అరగంట కూడా నిలవదు, కార్తీకపు వానలకు మా వీధిలో సరఫరా ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టరు లైను ఉన్న నాన్నగారి గదిలోకి మార్చాను. ముసురు విడిచిన రోజున మొదలుపెడతాను.